ఫాంట్ లావుగా ఉంటే సరిపోదు సామీ

కడప వైవీ స్ట్రీట్‌లో నడవండి, ప్రొద్దుటూరు బంగారం అంగళ్ల వైపు పోండి, ఎక్కడైనా ఒకటే వరస. ఇంగ్లీషు పేరు బోర్డంతా పరుచుకుని ఉంటుంది, తెలుగు పేరు అడుగున ఏదో మొక్కుబడికి. ఇప్పుడు దానికి తోడు లావు సెరిఫ్ ఫాంట్ల పిచ్చి ఒకటి పట్టుకుంది. ఇంగ్లీషు అక్షరాల చివర్లలో చిన్న చిన్న పాదాలు, కొక్కేలు ఉంటాయే, అవే సెరిఫ్‌లు. వాటిని బాగా లావు చేసి, హెడ్డింగులకూ బోర్డులకూ మాత్రమే అని గీసినవి డిస్‌ప్లే సెరిఫ్‌లు. నేను ఫ్లెక్సీలు, పెళ్లికార్డులు డిజైన్ చేసి బతికేవాణ్ణి, నాకు ఆ ఫాంట్లంటే ఇష్టమే. మంటంతా వాటిని వాడే తీరు మీద.

లావువి అన్నీ ఒకటి కాదు, ముందు అది అర్థం చేసుకోరు. షికాగోలో ఆస్వాల్డ్ కూపర్ గీయగా 1922లో వచ్చిన కూపర్ బ్లాక్ చూడండి. ఈజీజెట్ విమానాల మీద పేరు అందులోనే ఉంటుంది. మూలలన్నీ గుండ్రం, తెగిపోయేంత సన్న గీత ఎక్కడా లేదు, కాబట్టి ఇంకు పారినా, మన ఎండకు ఫ్లెక్సీ వెలిసినా ఇంకా చదవొస్తుంది. ఫ్యాట్ ఫేస్ అనే రకం దీనికి పూర్తిగా వేరు. 19వ శతాబ్దం మొదట్లో లండన్‌లో రాబర్ట్ థోర్న్ లాంటి వాళ్లు పోత పోసినవి, లాటరీ ప్రకటనలకు తెగ వాడారు. నిలువు గీతలు దూలాలంత, అడ్డ గీతలు వెంట్రుకంత. గోడ మీద నాలుగు మాటలు పెద్దగా రాసి దారిన పోయేవాణ్ణి ఆపాలంటే దాన్ని మించింది లేదు. అలాంటి ఏబ్రిల్ ఫ్యాట్‌ఫేస్ గూగుల్‌లో ఉచితంగా దొరుకుతుంది కదా అని, పెళ్లికార్డులో ముహూర్తం, వేదిక, పిన్‌కోడ్‌తో సహా అన్నీ అందులోనే పెట్టమంటారు! మెరూన్ కార్డు మీద చిన్న సైజులో గోల్డ్ ఫాయిల్ కొడితే ఆ వెంట్రుక గీతలు సగం ఎగిరిపోతాయి. తర్వాత "ప్రింటింగ్ బాలేదన్నా" అని మన మీదకే వస్తారు.

ఇక తెలుగు సంగతి. ఇంగ్లీషు అక్షరానికి నిలువు కర్ర ఉంటుంది, లావు ఎంత కావాలన్నా దాని మీద వేసేయొచ్చు. మన అక్షరాలకు ఆ కర్ర ఎక్కడిది? అన్నీ వంపులే. లావు చేసేకొద్దీ లోపలి ఖాళీలు పూడుకుపోతాయి, ష ఏదో స ఏదో దూరం నుంచి తెలీదు. దానికి తోడు ఒత్తులు. అంగడి పేరులో లక్ష్మీ లేని వీధి మన దగ్గర లేదు కదా, ఆ క్ష్మీ ఒక్కటీ చూడండి, పైన గుడిదీర్ఘం, కింద ష ఒత్తు, మ ఒత్తు. దానికి కావాల్సిన ఎత్తు ఇంగ్లీషులో ఏ అక్షరానికీ అక్కర్లేదు. అలాంటిదాన్ని బోర్డులో అడుగున మిగిలిన పట్టీలో దూర్చమంటే ఏం చేయాలి? ఎత్తు తగ్గించి అడ్డంగా సాగదీస్తారు. ఇంగ్లీషుతో సమానంగా లావు కనపడాలని కోరల్ డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అక్షరం అంచు వెంబడి లావు గీత (అవుట్‌లైన్) వేస్తారు. ఆ గీత బయటికే కాదు, అక్షరం లోపలికీ పెరుగుతుంది, ఉన్న కాస్త ఖాళీ పోతుంది. లావుకనే గీసిన తెలుగు ఫాంట్లు లేవా అంటే ఉన్నాయి. రామభద్ర ఉంది, ఏక్ టైప్ అనే ఫాంట్ల సంస్థ వాళ్ల బాలూ తమ్ముడు ఉంది, రెండూ ఉచితమే. గుండ్రటి ఇంగ్లీషు పక్కన తమ్ముడు భలే కుదురుతుంది. కానీ మావాళ్లు "అను" అనే పాత తెలుగు ఫాంట్లు వదలరు.

సెరిఫ్ పెడితేనే రిచ్ లుక్ అనేవాళ్లకు ఒక ముచ్చట. రోమన్ శాసనాల్లో ఆ పాదాలు ఉలి చెక్కుడు వల్ల వచ్చాయనే మాట చాలాకాలం నడిచింది. ఎడ్వర్డ్ క్యాటిచ్ అనే ఫాదర్ 1968లో పుస్తకం వేసి, కాదు, ముందు చదును కుంచెతో రాసుకుని ఆ తర్వాత చెక్కారు, కుంచె తిప్పిన చోట పాదం వచ్చింది అన్నాడు. ఆయనకు ఆ కుంచె తిప్పడం ఎలా తెలుసంటారా? కుర్రతనంలో షికాగోలో అంగళ్ల బోర్డులు రాసేవాడు. అంటే మీరు రిచ్ అంటున్నది బోర్డు పెయింటర్ చేతి పని. మన ఊళ్లోనూ ఆ పెయింటర్లు ఉండేవాళ్లు, ముందు చాక్‌పీసుతో గీతలు కొట్టి, ఒత్తులకు చోటు వదిలి, అప్పుడు డబ్బా మూత తీసేవాళ్లు. ఫ్లెక్సీ వచ్చి వాళ్ల పొట్ట కొట్టింది, నేనూ ఫ్లెక్సీ వాణ్ణే, ఏం చెప్పను.

తొలి తెలుగు శాసనంగా చెప్పే కలమళ్ల శాసనం ఎక్కడిదనుకున్నారు? మన ఎర్రగుంట్ల పక్కనే, క్రీ.శ. 575 నాటిది. ఆ జిల్లాలో కూర్చుని "అన్నా, ఇంగ్లీషు ఇంకా లావు పెట్టు, తెలుగు యాడో ఒకచోట ఏసేయ్" అంటుంటే నాకు ఒళ్లు మండుతుంది.

కొత్తగా బోర్డు చేయించుకునేవాళ్లు తెలుగు పేరు ముందు పెట్టించండి, ఒత్తులకు చోటు వదిలించండి, మిగిలిన జాగాలో మీ లావు సెరిఫ్ ఎంత కావాలంటే అంత పెట్టుకోండి. మేం డబ్బులు తీసుకునేది చదరపు అడుగు లెక్కన, తెలుగు పెద్దగా రాసినందుకు ఎక్కువేం అడగం.