మందు అందరికీ ఇచ్చేస్తే సరిపోతుందా? ఆ ఫార్వర్డ్‌కు నా జవాబు

మళ్లీ అదే మెసేజ్. బాగా చదువుకున్న స్నేహితులే పంపుతున్నారు, పైన "తప్పక చదవండి" అని కూడా పెడుతున్నారు. ఇంకో మహమ్మారి వస్తే వైద్య పరిశోధన ఎలా నడవాలో చెబుతోందట అది. ఉన్నవి ఐదు మాటలు. మిగతా జబ్బుల పరిశోధన ఆపేసి డబ్బు, మనుషులు అంతా ఒక్కదాని మీదే పెట్టాలి. ఏది ముందు, ఏది వెనక అని జాబితాలు వేసే కమిటీలు వట్టి కాలయాపన. టీకా ఏడాదిలోపే వచ్చిందంటే మామూలుగా పట్టే పదేళ్లూ దండగే. సగం మందికి మందిచ్చి సగం మందికి ఇవ్వని ట్రయల్స్ క్రూరత్వం, డాక్టర్‌కు నమ్మకమున్న మందు అందరికీ ఇచ్చేయాలి. లాభం రాదు కాబట్టి మాస్కులు, గాలి, బడుల గురించి ఎవరూ పరిశోధించలేదు.

మిగతావాటిని వదిలేసేదాన్నేమో. కానీ నాలుగో మాట మనుషుల ప్రాణాలు తీసే మాట. అందుకే రాస్తున్నాను.

కమిటీల సంగతి రెండు ముక్కల్లో తేల్చేస్తాను. 2020 ఫిబ్రవరి 11, 12 తేదీల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ జెనీవాలో పరిశోధకులను కూర్చోబెట్టి, ముందు దేనికి జవాబు కావాలో చర్చించింది. రెండే రోజులు. దాన్ని కాలయాపన అంటే నేను చెప్పేదేమీ లేదు. నా బాధల్లా, అంత చర్చ జరిగాక కూడా చాలామంది ఎవరి దారిన వాళ్లు పోయారనే.

పదేళ్లు దండగ అన్నది కూడా అంతే. కోవిడ్ టీకాలకు ట్రయల్ దశలను ఒకదాని మీద ఒకటి నడిపారు. ఫలితం రాకముందే తయారీకి డబ్బు పెట్టారు. జబ్బు ఊరంతా ఉంది కాబట్టి లెక్క తేలడానికి ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సిన పని లేకపోయింది. ట్రయల్‌లో చేర్చే మనుషుల సంఖ్యను మాత్రం తగ్గించలేదు. ఫైజర్ ట్రయల్‌లో దాదాపు 44 వేల మంది ఉన్నారు.

ఇక మిగతా పరిశోధన ఆపేయాలన్న మాట. 2009లో స్వైన్ ఫ్లూ మహమ్మారి వచ్చినప్పుడు ఈ సలహా పాటించి ఉంటే ఏమయ్యేదో చూడండి. శాస్త్రవేత్తలు కాటలిన్ కరికో, డ్రూ వైస్‌మన్ ఎంఆర్‌ఎన్‌ఏ (ఏ ప్రొటీన్ తయారుచేయాలో కణానికి చెప్పే అణువు, ఫైజర్ లాంటి కోవిడ్ టీకాలకు ఆధారం అదే) మీద 2005లో వేసిన కీలకమైన పేపర్‌ను అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. వాళ్లకు నోబెల్ వచ్చింది 2023లో. ఆ ఎంఆర్‌ఎన్‌ఏను కణంలోకి చేర్చే కొవ్వు బుడగల పద్ధతి, 2018లో అనుమతి పొందిన ఒక అరుదైన వంశపారంపర్య జబ్బు మందులో అప్పటికే వాడారు. వైరస్ మీది స్పైక్ ప్రొటీన్‌ను ఆకారం మారకుండా నిలబెట్టే కిటుకును, కరోనా జాతికే చెందిన మరో వైరస్ మెర్స్ మీద పనిచేసినవాళ్లు కనిపెట్టారు. వీటిలో ఒక్కటి కూడా కోవిడ్ పరిశోధన కాదు. అన్నీ ఆ "మిగతా" పరిశోధనలే. ఎబోలాది ఇంకా ఘోరం. కెనడా శాస్త్రవేత్తలు తయారుచేసిన టీకా కోతుల్లో పనిచేస్తుందని 2005 నాటికే తెలుసు. ఆ రోజుకు అది "అత్యవసరం" కాదు కాబట్టి మూలన పడింది. 2014లో పశ్చిమ ఆఫ్రికాలో జబ్బు చెలరేగి, 11 వేల మందికి పైగా చనిపోయారు. ఆ టీకాను గినీలో జనం మీద పరీక్షించి, పనిచేస్తుందని తేల్చేసరికి 2015 వచ్చింది. ఎదురుగా ఉన్న జబ్బు ఒక్కటే చూస్తే జరిగేది ఇదే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. "సగం మందికి మందు ఇవ్వకుండా వదిలేశారు" అని రాసినవాళ్లు, ఆ మందు పనిచేస్తుందని ముందే తెలుసన్నట్టు రాశారు. ఎవరికి తెలుసు? 2020 మొదట్లో మలేరియా మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ మీద ఎంత నమ్మకం ఉండేదో మరిచిపోయారా? ఆ నమ్మకంతో జనం ఎగబడి కొంటే, రోజూ అది వేసుకోవాల్సిన లూపస్, కీళ్లవాతం రోగులకు మందు దొరకలేదు. బ్రిటన్‌లో ఆసుపత్రి రోగుల మీద కోవిడ్ మందులను పరీక్షించిన "రికవరీ" అనే పెద్ద ట్రయల్ జూన్ మొదటి వారంలో తేల్చింది: ఆసుపత్రిలో చేరిన రోగులకు దానివల్ల ప్రయోజనం లేదు.

అదే ట్రయల్ అదే నెల 16న డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఫలితం చెప్పింది. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు మూడో వంతు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో ఐదో వంతు తగ్గాయి. దశాబ్దాలుగా వాడుకలో ఉన్న, చాలా చౌకైన మందు. మార్చిలో మొదలైన ట్రయల్ జూన్‌కల్లా జవాబిచ్చింది. అంతకుముందు ప్రపంచ ఆరోగ్య సంస్థే స్టెరాయిడ్లు మామూలుగా వాడొద్దని చెబుతూ వచ్చింది. డాక్టర్లలోనూ ఇస్తే మేలని కొందరు, హాని అని కొందరు. ఇద్దరికీ నమ్మకం ఉంది. ఎవరి నమ్మకం ప్రకారం "అందరికీ" ఇచ్చేయాలి? ఇంకో మాట, ఆ ట్రయల్‌లో మందు రానివాళ్లకు ఉత్తి నీళ్లు ఎక్కించలేదు. ఆసుపత్రిలో అందరికీ అందే చికిత్స వాళ్లకూ అందింది.

అందులోనే తేలిన రెండో సంగతిని ఈ మెసేజ్ పంపేవాళ్లు కనీసం ఒక్కసారి చదవాలి. ఆక్సిజన్ అవసరం లేని రోగులకు స్టెరాయిడ్ వల్ల మేలు జరగలేదు, హాని జరిగే అవకాశమే కనిపించింది. అంటే అందరికీ ఇచ్చేయమనే సలహా ఈ మందు విషయంలో కూడా తప్పే. 2021లో మన దేశంలో రెండో వేవ్‌లో అవసరం లేనివాళ్లు కూడా స్టెరాయిడ్లు వాడారు. బ్లాక్ ఫంగస్ అంతగా పెరగడానికి షుగర్‌తో పాటు ఇలా విచ్చలవిడిగా స్టెరాయిడ్లు వాడటం కూడా పెద్ద కారణమని డాక్టర్లు మొత్తుకున్నారు. కళ్లు పోయిన మనుషులున్నారు. వాళ్ల ముందు నిలబడి చెప్పగలరా, ట్రయల్స్ క్రూరత్వమని?

ప్లాస్మా కథ కూడా వినండి, అంటే కోవిడ్ నుంచి కోలుకున్నవాళ్ల రక్తం నుంచి తీసి రోగులకు ఎక్కించిన ద్రవం. అమెరికాలో 2020 ఆగస్టుకల్లా 70 వేల మందికి పైగా రోగులకు ప్లాస్మా ఎక్కించారు, పోల్చి చూడటానికి ప్లాస్మా ఇవ్వని గుంపు లేకుండానే. అంతమందికి ఇచ్చినా పనిచేస్తుందో లేదో కచ్చితంగా తేలలేదు. మన వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 39 ఆసుపత్రుల్లో 464 మందితో ట్రయల్ నడిపి, జబ్బు ముదరకుండా గానీ చావు రాకుండా గానీ ప్లాస్మా ఆపడం లేదని చెప్పింది. తర్వాత రికవరీ ట్రయల్‌లో 11 వేల మందికి పైగా రోగులతో చూసినా అదే తేలింది. అయినా 2021 మే దాకా ప్లాస్మా దాతల కోసం రోగుల బంధువులు ఎంత టెన్షన్ పడ్డారో, ఎంతమంది కాళ్లు పట్టుకున్నారో మనందరం చూశాం. ఆ వేదన మిగిల్చింది ట్రయల్ కాదు, ట్రయల్ చెప్పింది వినకపోవడం.

మహమ్మారిలో అన్నిటికన్నా కరువు జవాబులకే. అమెరికాలో మందులకు అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ నిపుణులు కోవిడ్ మందుల ట్రయల్స్‌ను లెక్కగట్టి చూస్తే, నమ్మదగ్గ జవాబు ఇవ్వగల పరిమాణం, పద్ధతి ఉన్నవి 5 శాతం దాకానే తేలాయి. మిగతావాటిలో చేరిన రోగులు పరిశోధనకు ఒప్పుకున్నా, అది ఎవరికీ పనికిరాకుండా పోయింది. క్రూరత్వమంటే నా దృష్టిలో అది. ఆసుపత్రికో చిన్న ట్రయల్ పెట్టి రోగులను చెదరగొట్టకుండా, కొన్ని ముఖ్యమైన ప్రశ్నలు ఎంచుకుని అందరినీ వాటిలో చేర్చాలి. ప్రాధాన్యాలు పెట్టుకోవడం అంటే ఇదీ.

ఐదో మాట మాత్రం చాలావరకు నిజం. ఒప్పుకుంటున్నాను, అది చదివి నాకే కోపం వచ్చింది. మందులకు వందల ట్రయల్స్ నడిచాయి. బడులు మూస్తే వ్యాప్తి ఎంత తగ్గుతుంది, గదిలో గాలి ఎలా ఆడితే ఎంత మేలు లాంటి ప్రశ్నలకు పట్టుమని పది మంచి ట్రయల్స్ కూడా లేవు. కోట్ల మంది పిల్లలను ఇంట్లో కూర్చోబెట్టిన నిర్ణయాలు చాలావరకు అంచనాల మీదే నడిచాయి. మాస్కుల మీద బంగ్లాదేశ్‌లో 600 గ్రామాల్లో 3 లక్షలకు పైగా మందితో పెద్ద ట్రయల్ చేయగలిగారంటే, మిగతావాటి మీదా చేయగలిగేవాళ్లే. కానీ ఆ బంగ్లాదేశ్ ట్రయల్ ఎలా చేశారు? గ్రామాలను లాటరీ పద్ధతిలో విడగొట్టి, సగం ఊళ్లలో మాస్కులు పంచి, సగం ఊళ్లలో పంచకుండా. ఐదో మాటలో ఎందుకు చేయలేదని నిలదీసిన పనినే నాలుగో మాటలో క్రూరత్వమన్నారు. ముందు ఆ రెంటిలో ఏది ఉంచుతారో తేల్చుకుని, అప్పుడు ఫార్వర్డ్ చేయండి.