గల్లాపెట్టె కలపకుండా సరిహద్దు చెరిపితే ఏం లాభం?

అమెరికాలో మిస్సోరి రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ నగరం పక్కనున్న కౌంటీలో (మన జిల్లా లాంటిది) కలవాలా వద్దా అన్న వాదన వందేళ్లుగా తెగడం లేదు. కలవాల్సిందే, అందులో రెండో మాట లేదు. కాకపోతే ఇప్పటిదాకా విలీనం జెండా పట్టుకున్నవాళ్లంతా తలకిందులుగా మొదలుపెట్టారు. మేయర్ ఎవరు, పోలీసులు ఎవరి కింద ఉంటారు, కొత్త పేరేంటి అన్నవే ముందు తేల్చబోయారు. పన్ను ఎక్కడ వసూలై ఎవరి ఖాతాలో పడుతోందన్న అసలు లెక్కను ఎప్పుడూ చివరికి నెట్టారు.

ముందు నేపథ్యం టూకీగా చెప్పుకుందాం. 1950లో ఆ నగర జనాభా 8,56,796. 2020 జనగణనలో 3,01,578. 2024 అంచనాల్లో 2 లక్షల 80 వేల కిందికి జారింది. చుట్టూ ఉన్న సెయింట్ లూయిస్ కౌంటీలో పది లక్షల మంది, 88 మున్సిపాలిటీలు. అవి పోగా కౌంటీ జనంలో సుమారు మూడో వంతు ఏ మున్సిపాలిటీలోనూ లేరు. నగరం ఏ కౌంటీలోనూ లేదు. ఈ విడాకులు అడిగింది కౌంటీ కాదు, నగరమే. 1876లో నగరం కలిగినది, కౌంటీ పల్లెటూరు. మా పన్నులతో వాళ్లకు రోడ్లేమిటని నగరం బయటికొచ్చేసింది. వస్తూ వస్తూ విస్తీర్ణాన్ని మూడింతలు చేసుకుని 61 చదరపు మైళ్లకు పెంచుకుంది. జన్మకు సరిపోతుందనుకుంది. 1880లో మిగతా కౌంటీ మొత్తం జనాభా 32 వేల లోపే మరి! ఆ గీత ఈనాటికీ కదల్లేదు. జనం మాత్రం గీత దాటి అవతలికి వెళ్లిపోయారు.

దీంతో నగరం రెండు సంసారాలు ఈదుతోంది. ఒకటి మున్సిపాలిటీది, ఇంకొకటి కౌంటీది. షెరీఫ్, పన్నుల కలెక్టర్, లైసెన్సుల కలెక్టర్, దస్తావేజుల రికార్డర్, ట్రెజరర్ అందరూ వేర్వేరుగా ఎన్నికయ్యేవాళ్లే. నగరసభ సభ్యులను 2023లో 28 నుంచి 14కు తగ్గించుకోగలిగారు. కౌంటీ తరహా పదవులు మాత్రం ఇంకా అలాగే ఉన్నాయి. అయితే ఈ పదవుల ఖర్చే పెద్ద జబ్బు అనుకుంటే పొరపాటు. జబ్బు అమ్మకపు పన్నులో ఉంది.

మనకు జీఎస్టీ కేంద్రానికీ రాష్ట్రానికీ పోతుంది, మున్సిపాలిటీకి ఆస్తి పన్నే దిక్కు. మిస్సోరిలో అలా కాదు. రాష్ట్రం పన్ను మీద స్థానిక సంస్థలు తమ పన్ను తగిలించుకుంటాయి. కౌంటీ అంతటా ఉన్న ఒక శాతం పన్ను పంపకానికి ఊళ్లను రెండు జట్లు చేశారు. 'ఏ' జట్టు ఊళ్లలో బిల్లు ఎక్కడ కొడితే డబ్బు అక్కడిదే, అందులో కొంత మాత్రం పంచాలి. 'బీ' జట్టు ఊళ్ల వసూళ్లు ఒక కుప్పగా పోసి ప్రధానంగా తలసరిన పంచుతారు. పెద్ద మాల్ ఉన్న డెస్ పెరెస్ మొదటి జట్టు. రెండో జట్టులో ఇరుక్కున్న చెస్టర్‌ఫీల్డ్, తాను వేసేది ఎక్కువ, తీసుకునేది తక్కువ అని కోర్టుకెక్కింది.

ఇక ఊరి పెద్దల బుర్ర ఎలా పనిచేస్తుందో చూడండి. ఒక కుటుంబం వచ్చిందంటే రోడ్డు, చెత్త బండి, పోలీసు గస్తీ అన్నీ ఖర్చే. ఒక సూపర్‌మార్కెట్ వచ్చిందంటే రాబడి. కాబట్టి ఉన్న జాగా దుకాణాలకే. ఆ దుకాణం రావడానికి 'టిఫ్' అనే రాయితీ ఉంది. కొత్త కట్టడం వల్ల పెరిగే ఆస్తి పన్ను మొత్తం, పెరిగే స్థానిక అమ్మకపు పన్నులో సగం, 23 ఏళ్ల దాకా ఆ ప్రాజెక్టు ఖర్చులకే మళ్లించొచ్చు. ఆస్తి పన్నులో పెద్ద వాటా బడులది. అంటే ఊరి కౌన్సిల్ చేసే దానానికి జేబు బడిది.

సెయింట్ ఆన్ ఊళ్లో వాల్‌మార్ట్ ఉండేది. పక్కనున్న బ్రిడ్జ్‌టన్ రాయితీ చూపించి కొత్త వాల్‌మార్ట్ తెచ్చుకుంది. సెయింట్ ఆన్‌లో షట్టర్ పడింది. కొనేవాళ్లు వాళ్లే, కొనే పాలూ బట్టలూ అవే, పన్ను పడే ఖాతా ఒక్కటే మారింది. ఈస్ట్-వెస్ట్ గేట్‌వే అనే ప్రాంతీయ మండలి 2011లో లెక్కతీస్తే, ఇరవై ఏళ్లలో ఆ ప్రాంత స్థానిక సంస్థలు ఇలాంటి రాయితీల కింద మళ్లించిన సొమ్ము 580 కోట్ల డాలర్లు దాటింది. అందులో ఎక్కువ భాగం చిల్లర దుకాణాలకే పోయింది. నికరంగా పెరిగిన దుకాణపు ఉద్యోగాలు 5,400 మాత్రమే.

మాల్ రాని ఊళ్ల సంగతి? నేచురల్ బ్రిడ్జ్ రోడ్డు మీద బండి పోనిస్తే పైన్ లాన్, నార్మండీ, బెల్-నార్, బెల్-రిడ్జ్ కొద్ది మైళ్లలోనే ఒకదాని వెనక ఒకటి తగులుతాయి. 2014 నాటికి ఎవరి పోలీసు వారిదే, ఎవరి కోర్టు వారిదే. దుకాణాలు లేని ఊరికి మిగిలిన పంట చలానాలే. టెయిల్ లైటు వెలగలేదని చలానా, గడ్డి పెరిగిందని చలానా, కోర్టుకు రాలేదని వారెంటు, ఆ వారెంటుకు మళ్లీ రుసుము. 2014లో ఈ కౌంటీలోనే ఉన్న ఫెర్గూసన్ ఊళ్లో మైకేల్ బ్రౌన్ అనే నల్లజాతి యువకుణ్ని పోలీసు కాల్చి చంపాక, కేంద్ర న్యాయశాఖ 2015 మార్చి నివేదికలో తేల్చింది ఇదే: అక్కడి పోలీసింగ్ రక్షణ కంటే రాబడి మీదే నడుస్తోందని. అదే ఏడాది రాష్ట్ర శాసనసభ ఈ కౌంటీ ఊళ్ల జరిమానా రాబడికి 12.5 శాతం పరిమితి పెట్టింది. మిగతా రాష్ట్రానికి 20 పెట్టి వీళ్లకొక్కరికే 12.5 ఏమిటని 2017లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ ప్రత్యేక పరిమితిని కొట్టేసింది. ఫెర్గూసన్‌ను వర్ణవివక్ష కథగానే చదివినవాళ్లు సగమే చదివినట్టు. రెండో సగం పన్ను పటంలో ఉంది.

ఇంత జబ్బుకు 2019లో విలీనం కోరే 'బెటర్ టుగెదర్' బృందం తెచ్చిన మందు చూడండి. నగరం, కౌంటీ కలిపి ఒకే మహానగరం. అప్పటి కౌంటీ అధినేత స్టీవ్ స్టెంగర్‌కు ఓటుతో పనిలేకుండా పరివర్తన కాలపు మేయర్ కుర్చీ. కలిపేది వీళ్లను, ఓటేసేది రాష్ట్రమంతా. బడి జిల్లాలు, అగ్నిమాపక జిల్లాలు మాత్రం విడివిడిగానే ఉంటాయి. దేశంలో మొదటి పది నగరాల్లో చేరతామని ఊరింపు ఒకటి. జనాభా ర్యాంకుతో డ్రైనేజీ పైపు మారుతుందా? ఏప్రిల్‌లో స్టెంగర్ లంచాల కేసులో దొరికి రాజీనామా చేశాడు, వారానికే ప్రతిపాదన ఉపసంహరించుకున్నారు. స్టెంగర్ దొరక్కపోయినా అది గట్టెక్కేది కాదు.

పనికొచ్చే దారి చిన్నది. రాష్ట్ర రాజ్యాంగం ఆరో అధికరణం 30వ సెక్షన్ కింద ఓటర్ల సంతకాలు సేకరించి, నగరం-కౌంటీ సంబంధంపై ప్రణాళిక రాసే 'ఫ్రీహోల్డర్ల బోర్డు' వేయించొచ్చు. నగరం నుంచి 9 మంది, కౌంటీ నుంచి 9 మంది, గవర్నర్ నియమించే ఒకరు. ఏడాదిలో ప్రణాళిక ఇవ్వాలి. నగరాన్ని కౌంటీలో 89వ మున్సిపాలిటీగా చేర్చే ప్రణాళిక చాలు. నగరం పేరు, మేయర్, అప్పులు, పింఛన్ల భారం అన్నీ నగరంతోనే ఉంటాయి. కోర్టు, జైలు, ఆస్తుల మదింపు లాంటి కౌంటీ పనులు కౌంటీకి పోతాయి. నగరంలో పనిచేసేవాళ్ల జీతం మీది ఒక శాతం పన్ను పోతుందేమోనన్న బెంగ అక్కర్లేదు. అదే పన్ను వేసే కాన్సస్ సిటీ కౌంటీల్లో ఉన్న మామూలు నగరమే.

అసలు మందు దీనికి జత చేయాల్సిన పన్ను ఒప్పందం. మిన్నెసోటా 1971లోనే చేసి చూపించింది. మినియాపొలిస్, సెయింట్ పాల్ చుట్టూ ఉన్న ఏడు కౌంటీల్లో ఒక్క సరిహద్దూ చెరపలేదు. 1971 తర్వాత పెరిగిన వాణిజ్య, పారిశ్రామిక ఆస్తుల పన్ను పునాదిలో 40 శాతాన్ని మాత్రం ఉమ్మడి కుప్పలో వేయిస్తారు. జనాభానూ తలసరి ఆస్తి విలువనూ బట్టి తిరిగి పంచుతారు. ఇందులో ఉన్న తెలివంతా ఒక్కటే: పాత రాబడిని ముట్టుకోరు. సెయింట్ లూయిస్‌లో ఇదే సూత్రాన్ని అమ్మకపు పన్నుకు పెడితే, మొదటి రోజు ఏ ఊరికీ ఒక్క డాలర్ తగ్గదు. కొత్త దుకాణం బ్రిడ్జ్‌టన్‌లో పడినా, సెయింట్ ఆన్‌లో పడినా, నగరం నడిబొడ్డున పడినా పెరిగిన రాబడిలో వాటా అందరికీ వస్తుంది. అప్పుడు పక్క ఊరి దుకాణాన్ని ఎగరేసుకుపోవడానికి 23 ఏళ్ల రాయితీ పారబోసే వెర్రివాడు ఎవడుంటాడు?

వ్యతిరేకుల వాదనల్లో ఒకదానికి బలముంది. నగరంలో నల్లజాతి వాళ్లు 40 శాతం పైచిలుకు, కౌంటీలో దాదాపు నాలుగో వంతు. కలిపేస్తే వాళ్ల ఓటు పలచబడుతుంది. 1970లో ఇండియానాపొలిస్ విలీనంలో అదే జరిగింది, పైగా బడులను కలపకుండా వదిలేశారు. కానీ ఈ అభ్యంతరం పూర్తి విలీనానికే వర్తిస్తుంది. 89వ మున్సిపాలిటీగా చేరితే నగర మేయర్‌నూ నగరసభనూ ఎన్నుకునేది నగర ఓటర్లే.

ఇక్కడ మన వైపు ఒకసారి చూడాలి. 2007లో హైదరాబాద్ చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలను, 8 పంచాయతీలను కలిపి జీహెచ్‌ఎంసీ చేసినప్పుడు ఎవరినీ ఓటు అడగలేదు, ఒక జీవోతో పనైపోయింది. తర్వాతి విలీనాలన్నీ ఆ బాటే. ఊళ్ల అనుమానాలు అబద్ధం కావు. ఇంటి పన్ను పెరుగుతుంది, గ్రామీణ ఉపాధి పనులు పోతాయి, మురుగు కాలువ మాత్రం ఎప్పటికో గానీ రాదు. అయినా ఒక మాట అడుగుతాను. ఆనాడు శేరిలింగంపల్లిలో విడిగా ఓటు పెడితే ఔననేదా? మాదాపూర్ అద్దాల మేడల ఆస్తి పన్ను పాతబస్తీతో ఒకే ఖాతాలో పడేదా? నాకు నమ్మకం లేదు. కలిగినవాడి సమ్మతి దొరికేదాకా ఆగుదామంటే లేనివాడు ఆగుతూనే ఉంటాడు. మిస్సోరిలో 1926లో జరిగిందదే. నగరం ఔనంది, కౌంటీ వద్దంది, అక్కడితో సరి. నగరంలో, కౌంటీలో విడివిడిగా మెజారిటీ రావాలన్న నిబంధన చూడ్డానికి ప్రజాస్వామ్యమే, పనిచేసేది మాత్రం వీటో లాగా. 1876లో గీత గీసిందీ అప్పటి డబ్బున్నవాళ్లే, ఇప్పుడు దాన్ని కాపాడుతున్నదీ డబ్బున్నవాళ్లే. మధ్యలో చోటు మారింది, అంతే.

ఉమ్మడిగా బతకడం వాళ్లకు చేతకాదని కూడా కాదు. మురుగునీటి వ్యవస్థ 1954 నుంచి నగరానికీ కౌంటీకీ ఒక్కటే. జూకీ మ్యూజియాలకీ 1970ల నుంచి ఇద్దరూ ఆస్తి పన్ను కడుతున్నారు, జూ ప్రవేశం ఉచితం. తమకు లాభం కంటికి కనిపించిన చోట ఓటరు సరిహద్దు పట్టించుకోలేదు. పెరిగిన రాబడిలో వాటా పంచుకునే ఈ పన్ను ఒప్పందంలోనూ ఆ లాభాన్ని ఊరూరి లెక్కతో చూపించాలి. చెస్టర్‌ఫీల్డ్ లాంటి ఊరికి ముందుగా, ఎందుకంటే ఇప్పటి కుప్ప కంటే 40 శాతం కుప్ప దానికి నయం.

చిక్కు ఒకటుంది. కౌంటీ అమ్మకపు పన్ను పంపకం రాష్ట్ర చట్టం చేతిలో ఉంది, ఫ్రీహోల్డర్ల బోర్డు రాసినంత మాత్రాన మారదు. 2019లో బోర్డు కోసం సంతకాలైతే సేకరించారు గానీ, నగరం తన తొమ్మిది మంది పేర్ల దగ్గరే తగువుపడి అసలు పంపనే లేదు. కాబట్టి ముందు రాష్ట్ర రాజధాని జెఫర్సన్ సిటీలో చట్ట సవరణ, తర్వాత నగరసభలో ఆ తొమ్మిది పేర్లు, ఆ తర్వాతే సంతకాల సేకరణ.