వరద డబ్బు మునిగిన ఇంటికి ఇవ్వండి, మత సంస్థకు కాదు

తుపాను వెలిసిన మూడో రోజుకల్లా మన దగ్గర ఒక డిమాండ్ మొదలవుతుంది. ఫలానా మత సంస్థ బాగా సేవ చేసింది, ప్రభుత్వం గ్రాంటు ఇవ్వాలి. గుడి ప్రహరీ కూలింది, చర్చి రేకులు ఎగిరిపోయాయి, మసీదు గోడ ఒరిగింది, సర్కారే కట్టించాలి. నేను దీనికి ఒప్పుకోను. ఏ మతం అడిగినా ఒప్పుకోను.

2021 నవంబరు గుర్తుందా? స్వర్ణముఖి పొంగింది, తిరుపతి వీధుల్లో మోకాలి పైకి నీళ్లు. రాయలచెరువు కట్టకు గండి పడుతుందని కింది ఊళ్లు ఖాళీ చేయించారు. అప్పుడు చిక్కుకుపోయిన భక్తులకు టీటీడీ వసతి, భోజనం చూసింది. దెబ్బతిన్న శ్రీవారి మెట్టు దారిని తానే బాగుచేయించి 2022 మేలో తెరిచింది. అది సరైన పద్ధతి. భక్తులిచ్చిన సొమ్ముతో ఎంత సేవైనా చేయనీ, చేతులెత్తి దండం పెడతాను. పన్నుల సొమ్ము దగ్గరే నా పేచీ.

రాష్ట్ర విపత్తు నిధికి లెక్కలున్నాయి. అందులో కేంద్రం వాటా 75 శాతం, మన రాష్ట్రానిది 25. 2022లో ఇచ్చిన నిబంధనల ప్రకారం మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా పోతే 1,20,000 రూపాయలు. పక్కా ఇల్లు కొంత దెబ్బతింటే 6,500. పాడి ఆవో గేదో చనిపోతే 37,500. ఇల్లు కొట్టుకుపోయినా, బాగా మునిగినా బట్టలకు 2,500, వంటపాత్రలకు 2,500. ఈ చివరి రెండూ ఆ ఇంట్లో కాపురమున్న కుటుంబానివి, అంటే అద్దెకున్నవాళ్లకూ రావాలి. బడి, అంగన్‌వాడీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, పంచాయతీ భవనం మరమ్మతులకూ ఆ నిబంధనల్లో చోటుంది. ప్రార్థనాలయానికి లేదు. 6,500తో ఒక గోడ కూడా లేవదని అందరికీ తెలుసు. ముందు ఆ అంకె పెంచమని అడగాలి కదా!

సంస్థ చేతికి డబ్బిస్తే ఏమవుతుందో చూడండి. తహసీల్దారు జాబితాలో పేరు లేకపోతే అర్జీ పెట్టొచ్చు, ఆర్డీవో దగ్గరికి పోవచ్చు, సమాచార హక్కు కింద అడగొచ్చు. సంస్థ జాబితాలో లేకపోతే ఎవరిని అడుగుతారు? సంస్థ దగ్గరుండేది తన దగ్గరికి వచ్చేవాళ్ల పేర్లే, అందులో దురుద్దేశం కూడా అక్కర్లేదు. వేరే మతం ముసలామె ఆ గేటు దాటి బియ్యం అడగడానికే వెనకాడుతుంది. ఇక ఆడిట్. సర్కారు ఖర్చులు తనిఖీ చేసేది కాగ్. కాగ్ చట్టం 14వ సెక్షన్ కింద ఒక సంస్థ ఖాతాలు తనిఖీకి రావాలంటే మామూలుగా ఏడాదికి గ్రాంటు 25 లక్షలకు తగ్గకూడదు, అది సంస్థ ఖర్చులో 75 శాతమైనా ఉండాలి. పది లక్షల చొప్పున పంచితే చాలావరకు డబ్బు ఆ పనికే వాడామని రాసిచ్చే వినియోగ ధ్రువపత్రం అనే ఒక్క కాగితంతో సరి.

'మా హాల్లోనే 300 మందిని ఉంచాం కదా' అంటారు. నిజమే, ఆ మేలు మరవకూడదు. దానికి గ్రాంటెందుకు? వీఆర్వో రోజూ తలలు లెక్కపెట్టి సంతకం చేయాలి. బియ్యం, పప్పు, నూనె, నీళ్లు, జనరేటర్ డీజిల్ బిల్లులు తహసీల్దారు నేరుగా కట్టాలి. శిబిరం మూసిన రోజే లెక్క మూయాలి.

ఇది కోర్టులో గెలిచే కేసని నేననడం లేదు. ఒక మతం పెంపు కోసం పన్ను కట్టమని ఎవరినీ బలవంతపెట్టకూడదని రాజ్యాంగం 27వ అధికరణం అంటుంది, కోర్టులు దాన్ని కాస్త సడలించే చదివాయి. 2002 అల్లర్లలో దెబ్బతిన్న ప్రార్థనాస్థలాల మరమ్మతు ఖర్చు రాష్ట్రమే భరించాలని గుజరాత్ హైకోర్టు 2012లో అంది. 2017లో సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది, కానీ ప్రభుత్వం తానుగా ఇస్తానన్న 50,000 రూపాయల దాకా సాయాన్ని కాదనలేదు. అంటే ఇవ్వాలా వద్దా అన్నది చివరికి మనం ఎన్నుకున్నవాళ్ల చేతిలోనే ఉంది. అందుకే వాళ్లను అడుగుతున్నాను.

ఈసారి నీళ్లొస్తే, ఇల్లు కడగకముందే గోడమీద నీటి చార కనిపించేలా ఫొటో తీసుకోండి. అద్దెకుంటే ఆ చిరునామా చూపే కరెంటు బిల్లో, గ్యాస్ పుస్తకమో దగ్గర పెట్టుకోండి. మీ ఊరి లేదా వార్డు సచివాలయంలో జాబితా అంటించమని పట్టుబట్టండి. పేరు లేకపోతే అర్జీ రాసిచ్చి, రసీదు చేతికొచ్చాకే కదలండి.