మీసం తిప్పే ‘నేను’, కన్నీరు కార్చే ‘నేను’

కవితలో ‘నేను’ కనిపించగానే మనలో చాలామందికి చిరాకు. సొంత డబ్బా అని పేజీ తిప్పేస్తాం. నిజం చెప్పాలంటే డబ్బా కొట్టుకునే కవులతో నాకు పేచీ లేదు. సంస్కృతం, తెలుగు రెండు భాషల్లోనూ మేమే కవీంద్రులమని చాటడానికే మీసాలు పెంచామని తిరుపతి వేంకట కవులు పద్యం చెప్పారు. మమ్మల్ని గెలిస్తే ఆ మీసాలు తీసేసి మీ కాళ్లకు మొక్కుతామనీ సవాలు విసిరారు. ఆ పద్యం ఎత్తుకోవడమే ‘దోసమటంచెరింగియును’ అని. తప్పని తెలిసే పెంచారన్నమాట! ఇంత బాహాటమైన అహంకారం ఎవరినీ మోసం చెయ్యదు. చదివినవాడు నవ్వుకుంటాడు, కుదిరితే చప్పట్లు కొడతాడు.

చిక్కంతా కన్నీళ్ల చాటున వచ్చే అహంకారంతోనే.

మన తెలుగు సంఘాల సంచికల్లో అమ్మ పోయినప్పుడు రాసిన కవితలు తరచూ వస్తుంటాయి. ఆ దుఃఖాన్ని నేను శంకించను. కానీ వాటిలో ఏముంటుందో చూడండి. అర్ధరాత్రి ఫోను, విమానంలో కిటికీ సీటు, కవి చెంప మీద కన్నీరు, కవి ఒంటరితనం. అమ్మ ఎలా మాట్లాడేదో, దేనికి కోప్పడేదో ఒక్క ముక్క ఉండదు. చివరికి ఆవిడ చావు కూడా కొడుకు ఎంత సున్నితమైన మనిషో చెప్పడానికే పనికొచ్చింది.

అదే కవితలో ఎక్కడో మధ్యన ‘అమ్మ ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉన్నానన్నాను, లేను’ అనే లైను పడిందనుకోండి. నా దృష్టిలో కవిత అక్కడ మొదలవ్వాలి. ఎందుకా అబద్ధం? ఆవిడ ఏదో అడుగుతుందని భయపడ్డాడా? ఏమీ అడగదని, ఊరికే మాట్లాడాలనుకుంటోందని తెలిసీ విసుక్కున్నాడా? జవాబు రాసేవాడికీ ముందుగా తెలియదు. రాస్తేనే తెలుస్తుంది. కానీ మామూలుగా జరిగేదేమిటంటే, ఫెయిర్ కాపీలో ఆ లైను ఎగిరిపోతుంది, కన్నీరు మిగులుతుంది.

ధూర్జటి అలాంటి లైను కొట్టెయ్యలేదు. కాళహస్తీశ్వర శతకంలో తన మనసు గురించి ‘రోసీ రోయదు’ అంటాడు, ‘కోసీ కోయదు’ అంటాడు. సుఖాల మీద రోత పుట్టింది, పూర్తిగా పుట్టలేదు. కోరికల తీగలు కోసింది, పూర్తిగా తెగలేదు. అన్నీ వదిలేశానని చెప్పుకుంటే విరాగి అంటారు. పరమ పాపినని గుండెలు బాదుకుంటే ఎంత నిజాయితీ అని మెచ్చుకుంటారు. రెండూ ఫోజులే. ఆ సగం సగం స్థితిని ఒప్పుకుంటే మాత్రం ఏ మెప్పూ రాదు, అందుకే ఆ మాట నమ్ముతాను.

‘నేను’ బదులు ‘మనం’ అని రాస్తే గొడవ వదిలిపోతుందని కొందరంటారు. ‘మనం’ వెనక దాక్కోవడం ఇంకా సులువు. జాషువా ‘విశ్వనరుడ నేను’ అన్నాడు, అంతకంటే పెద్ద ‘నేను’ ఏముంటుంది? అయినా అందులో నాకు గర్వం వినిపించదు. కులం పేరు చెప్పి దూరం నిలబెట్టిన లోకం ముందు, తన కొలత తానే చెప్పుకున్న మనిషి వినిపిస్తాడు.

సంచికలు కూర్చే మిత్రులకు నాదొక్కటే మనవి. ఈసారి కవిత వస్తే ‘నేను’లు ఎన్నున్నాయో లెక్కపెట్టకండి. రాసినవారికి ఫోన్ చేసి, రాసి కొట్టేసిన లైన్లేమైనా ఉంటే పంపమని అడగండి.