సునామీకి కిలోమీటరు రాళ్లుండవు

సముద్రంలో పెద్ద భూకంపం వచ్చిందని టీవీలో చూడగానే తీరాన బంధువులున్న ఇళ్లలో టెన్షన్ మొదలవుతుంది. ఫోన్లో ముందు అడిగే మాట ఒకటే: ‘నీళ్లు ఎంత దూరం వస్తాయట?’ రెండో, ఐదో కిలోమీటర్లని ఎవరైనా చెబితే మనసు కుదుటపడుతుంది. అలాంటి అంకెను నమ్ముకుంటే ఏమవుతుందో జపాన్‌లో ఒక బడి చూసింది.

ఇషినోమాకి నగర పరిధిలోని ఒకావా ప్రాథమిక పాఠశాల సముద్రానికి దాదాపు 4 కిలోమీటర్ల లోపల, కితాకామి నది పక్కన ఉండేది. సునామీ ముంపు పటంలో దాని పేరు లేదు. పైగా ఆపద వస్తే ఊరివాళ్లు తలదాచుకోవాల్సిన చోటు అదే. 2011 మార్చి 11 మధ్యాహ్నం భూమి కంపించాక పిల్లల్ని ఆటస్థలంలోనే ఉంచి, ఎటు తీసుకెళ్లాలా అని పెద్దలు దాదాపు ముప్పావు గంట తర్జనభర్జన పడ్డారు. బడి వెనకాలే కొండ ఉంది. చివరికి వంతెన దగ్గరున్న కాస్త మెట్ట వైపు కదిలారు. నీళ్లు నది వెంటే వచ్చి ఎదురయ్యాయి. 74 మంది పిల్లలు, 10 మంది సిబ్బంది చనిపోవడమో గల్లంతు కావడమో జరిగింది. కన్నవాళ్లు కోర్టుకెక్కారు. ముంపు పటంలో బడి లేదన్న వాదన నిలవలేదు. పరిహారం ఇవ్వాల్సిందేనన్న తీర్పును 2019లో అక్కడి సుప్రీంకోర్టు ఖాయం చేసింది.

అసలు ‘అల’ అన్న మాటే మనల్ని పొరపాటు పడేలా చేస్తోంది. గాలికి లేచిన కెరటం ఒడ్డున విరిగి, క్షణాల్లో వెనక్కి జారిపోతుంది. సునామీలో అడుగు నుంచి పైదాకా సముద్రమంతా కదులుతుంది. ఒక్కో అల వెనక నిమిషాల తరబడి నీళ్లు తోసుకొస్తూనే ఉంటాయి. ఇరుకు లోయ దొరికితే పైకి ఎగబాకుతాయి, చదును నేల దొరికితే లోపలికి పరుగెడతాయి. ఆ రోజు మియాకో దగ్గర సుమారు 40 మీటర్ల ఎత్తుకు ఎక్కిన నీరే సెందాయ్ మైదానంలో పొలాల మీదుగా 5 కిలోమీటర్ల దాకా వెళ్లింది. కితాకామి నదిలో దాని తాకిడి దాదాపు 50 కిలోమీటర్ల ఎగువన కూడా కనిపించింది. ఒకే సునామీ, ఒకే తీరం, మూడు లెక్కలు.

మన దగ్గర 2004 డిసెంబరు 26 ఆదివారం, పైగా పౌర్ణమి. మంగినపూడి లాంటి చోట్ల సముద్రస్నానాలకు వెళ్లినవాళ్లూ, ఒడ్డున బతికే మత్స్యకారులూ కలిపి రాష్ట్రంలో వందమందికి పైగా పోయారు. దాంతో సునామీ అంటే బీచ్ దగ్గరి ప్రమాదమే అన్న అభిప్రాయం మనలో స్థిరపడింది. దివిసీమ పెద్దవాళ్లను అడిగితే వేరే మాట చెబుతారు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన కిలోమీటర్ల కొద్దీ లోపలికి వచ్చి ఊళ్లకు ఊళ్లనే తుడిచిపెట్టింది. అది తుఫాను తోసిన నీరు, సునామీ కాదు. తుఫాను రోజుల ముందే కనిపిస్తుంది, సునామీకి దొరికేది గంటలే. అయినా నేల అదే. మొగలు (నది సముద్రంలో కలిసే చోట్లు), ఏటిపాయలు, మురుగు డ్రెయిన్లు అప్పుడెలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే సముద్రానికి తెరుచుకుని ఉన్నాయి. మధ్యలో చాలాచోట్ల ఇసుక దిబ్బలు కరిగిపోయాయి, మడ అడవులు రొయ్యల చెరువులయ్యాయి.

హెచ్చరిక విషయంలో మనం వెనకబడి లేము. హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌లో 2007 నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తోంది. భూకంపం వచ్చిన నిమిషాల్లోనే సమాచారం ఇవ్వగలదు. సుమత్రా దగ్గర పుట్టిన సునామీ మన ఒడ్డు చేరడానికి రెండు గంటలకు పైగా పడుతుంది. ఆ రెండు గంటల్లో డ్రెయిన్ గట్టు మీదున్న బడి హెడ్మాస్టరు ఏం చేయాలి? తుఫాను షెల్టర్ తాళంచెవి ఎవరి దగ్గరుందో ఊళ్లో ఎందరికి తెలుసు? సముద్రం ఫలానా దూరంలో ఉందని చెప్పే బోర్డులు రోడ్డు పక్కన కనిపిస్తాయి, మనం నిలుచున్న నేల సముద్రానికి ఎన్ని అడుగుల ఎత్తులో ఉందో చెప్పే బోర్డు ఎక్కడుంది?

ఇండోనేసియాలోని సిమెలూ దీవిని 2004లో అల పది నిమిషాల్లోపే తాకింది. సైరన్ లేదు, ఎస్సెమ్మెస్ లేదు. 1907 నాటి సునామీ తర్వాత అమ్మమ్మలు, తాతయ్యలు పిల్లలకు నేర్పిన ‘స్మోంగ్’ (అక్కడి భాషలో సునామీ) అన్న ఒక్క కేక వినబడగానే జనం కొండెక్కారు. 78 వేల జనాభాలో పోయింది ఏడుగురే.

దివిసీమలో, కోనసీమలో ఎక్కడానికి కొండ లేదు. అందుకే ఏ ఊరివాళ్లు ఏ మేడ ఎక్కాలో, ఆ మేడ నీటి తాకిడికి ఆగుతుందో లేదో ఇంజనీర్లతో ముందే తేల్చాలి. ఆ పేరు పంచాయతీ గోడ మీదా, బడి గోడ మీదా పెద్ద అక్షరాలతో రాయించాలి. ఈ పని ఒడ్డు మీది ఊళ్లతో ఆపకుండా, డ్రెయిన్ల వెంట ఉప్పునీరు ఎక్కే ప్రతి ఊరిదాకా తీసుకెళ్లాలి. వచ్చే డిసెంబరు 26లోగా కనీసం బడుల్లోనైనా ఒక్కసారి పిల్లల్ని మేడెక్కించి చూడాలని జిల్లా యంత్రాంగాలను కోరుతున్నాం.