కర్త కనబడుటలేదు

ఇంగ్లీషు వ్యాకరణంలో మనిషికి నిజంగా పనికొచ్చేది ఒక్కటే ఉంది, ప్యాసివ్ వాయిస్. బళ్లో మాత్రం దాన్ని లెక్కల్లా నేర్పి పాడుచేశారు. కర్మను తెచ్చి ముందు కూర్చోబెట్టాలి. క్రియను మూడో రూపంలోకి మార్చి పక్కన ‘ఈజ్’, ‘వాజ్’ లాంటిదొకటి పెట్టాలి. కర్తకు ‘బై’ తగిలించి చివరికి తోసెయ్యాలి. ‘ఐ బ్రోక్ ద గ్లాస్’ కాస్తా ‘ద గ్లాస్ వాజ్ బ్రోకెన్ బై మీ’ అవుతుంది. అంత కష్టపడి వాక్యాన్ని తిరగేసి, ఆఖర్న నేరం ఒప్పుకోవడమేమిటో నాకప్పుడు అర్థం కాలేదు. ఆ ‘బై మీ’ కోసేసినా వాక్యం చక్కగా నిలబడుతుందని, అసలు ఇంగ్లీషులో ఎక్కువ ప్యాసివ్ వాక్యాలకు ఆ తోకే ఉండదని పెద్దయ్యాక తెలిసింది.

1987 జనవరిలో అమెరికా అధ్యక్షుడు రీగన్, ఇరాన్‌కు ఆయుధాలమ్మిన వ్యవహారం గురించి కాంగ్రెస్ ముందు మాట్లాడాడు. పూర్తి బాధ్యత నాదేనని ముందే అన్నాడు, పెద్దమనిషి. కాసేపటికే, మేం అనుకున్నది సాధించలేదు, ఆ ప్రయత్నంలో ‘సీరియస్ మిస్టేక్స్ వర్ మేడ్’ అన్నాడు. చూశారా, అనుకున్నప్పుడు ‘మేం’ ఉన్నారు. తప్పుల దగ్గరికొచ్చేసరికి గదిలో ఎవరూ లేరు. ఆ తర్వాత చర్య తీసుకుంటానన్న చోట మళ్లీ ‘ఐ’ ప్రత్యక్షం!

ఇలాంటివి చూసి కొందరికి ప్యాసివ్ అంటేనే ఒళ్లు మంట. యాక్టివ్ కుదిరేచోట ప్యాసివ్ వాడొద్దని 1946లో ఇంగ్లీషు రచయిత జార్జ్ ఆర్వెల్ ఒక వ్యాసంలో రూలు పెట్టాడు. ఆ వ్యాసం మొదటి వాక్యంలోనే ‘ఇట్ ఈజ్ జెనరలీ అజ్యూమ్డ్’ అని ఉంది. అజ్యూమ్ చేసిందెవరో ఆయనా చెప్పలేదు.

నాకైతే ఇంగ్లీషువాళ్లను చూస్తే జాలి. కర్తను దాచడానికి ఎంత సరంజామా! మనకూ ‘బడు’ ఉంది కానీ, ‘నాచేత గ్లాసు పగలగొట్టబడినది’ అని ఇంట్లో అంటే జ్వరమేమోనని నుదురు పట్టుకుని చూస్తారు. ‘పగిలింది’ చాలు. క్రియ అకర్మకం, వాక్యం యాక్టివ్, దోషి లేడు. (వాళ్లకూ ‘ద గ్లాస్ బ్రోక్’ ఉందనుకోండి, అన్ని క్రియలకూ ఆ వైభోగం లేదు.) ఇది చాలదన్నట్టు ‘జరిగింది’ ఒకటి పట్టుకున్నాం. కర్మ లేని క్రియను ఇంగ్లీషు ప్యాసివ్ ముట్టుకోలేదు, రావడాన్నీ నిద్రపోవడాన్నీ తిరగెయ్యలేదు. మనం ‘ఆలస్యంగా రావడం జరిగింది, మీటింగ్‌లో నిద్రపోవడం జరిగింది’ అని తల ఎత్తుకుని చెప్పగలం.

మొన్న దీన్ని ఇంట్లో పరీక్షించే అవకాశం వచ్చింది. వంటింట్లో ఫెళ్లుమని చప్పుడు.

“ఏమైంది?” మా ఆవిడ పక్కగదిలోంచి.

“గ్లాసు పగిలింది.”

“దానంతటదే పగిలిందా?”

ఏ వ్యాకరణ పుస్తకంలోనూ ఈ ప్రశ్నకు జవాబు లేదు. ఆఖరి అస్త్రం తీశాను.

“చెయ్యి తగలడం జరిగింది.”

“ఎవరి చెయ్యి?”