సూటు జన్యువు

మగవాళ్లకు చలి ఎక్కువ. నమ్మకపోతే మే నెలలో విజయవాడలో ఏదైనా పెళ్లి రిసెప్షన్‌కి వెళ్లి చూడండి. బయట రోడ్డు మీద తారు కరుగుతుంటుంది. స్టేజీ మీద పెళ్లికొడుకు చొక్కా, దాని మీద వెయిస్ట్‌కోటు, దాని మీద కోటు వేసుకుని, మెడకు టై బిగించుకుని నిలబడి ఉంటాడు. మేకప్ కుర్రాడు రెండు ఫొటోలకొకసారి వచ్చి టిష్యూతో నుదురు అద్ది వెళ్తుంటాడు. పక్కనే పెళ్లికూతురు వీపు లేని జాకెట్టులో హాయిగా ఉంటుంది. హాయి అంటే, వడ్డాణం ఊపిరి పీల్చనివ్వదు, లెహంగా కూర్చోనివ్వదు, అంతే. స్త్రీకి చలీ ఎండా తెలియవు గానీ, మోయడానికి ఏదో ఒకటి ఉండాలి. ప్రకృతి ధర్మం అలా ఏడ్చింది.

జేబుల సంగతీ ఇంతే. వరుడికి కోటు లోపల, బయట, ప్యాంటుకు ముందూ వెనకా కలిపి ఏడెనిమిది. వధువుకు సున్నా. ఆవిడ స్నేహితురాలు చదివింపుల కవరు తెచ్చి ఆవిడ చేతిలోనే పెడుతుంది. మరుక్షణం అది వరుడి కోటు జేబులో తేలుతుంది. నీరు పల్లమెరుగు, కవరు జేబెరుగు.

ఇదంతా అలవాటే తప్ప జీవశాస్త్రం కాదని వితండవాదం చేసేవాళ్లు లేకపోలేదు. వాళ్లు ముందుగా ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ బొమ్మ బయటికి తీస్తారు. 1701లో రిగో గీసిన ఆ నిలువెత్తు చిత్రంలో 63 ఏళ్ల మహారాజు ఉంగరాల విగ్గు, బిగుతైన తెల్ల మేజోళ్లు, ఎర్ర మడమల హైహీల్స్‌తో, కాలు ముందుకు చాపి పిక్క చూపిస్తూ నిలబడ్డాడు. మా సమాధానం ఒక్కటే. మగ జన్యువు అప్పటికింకా పూర్తిగా ఉడకలేదు.

తర్వాత తిరుమల తీసుకెళ్తారు. గుడిలో ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలబడ్డ కృష్ణదేవరాయల రాగి విగ్రహం చూపిస్తారు. తలకు పొడవాటి కుళ్లాయి, నడుముకు పంచె. కోటు లేదు, టై లేదు. అసలు చలి ఉండేదే ఆ కొండ మీద కదా అంటారు. సూటు జన్యువు మనకు తెల్లవాళ్ల ఓడల్లో దిగిందని కూడా అంటారు. గిట్టనివాళ్లు ఏమైనా అంటారు.

పారిస్ దగ్గర మాత్రం మా పక్షం కాస్త ఇబ్బంది పడుతోంది. ఆ ఊళ్లో ప్యాంటు వేసుకోదలచిన స్త్రీ పోలీసుల అనుమతి తీసుకోవాలని 1800లో ఆజ్ఞ ఇచ్చారు. ప్రకృతే నిర్ణయించినదానికి పోలీసులెందుకని అడగకండి. ప్రకృతికి కూడా అప్పుడప్పుడు కానిస్టేబుల్ సాయం కావాలి. ఆ తర్వాతెప్పుడో, చేతిలో సైకిల్ హ్యాండిలో గుర్రం కళ్లెమో ఉంటే ఫర్వాలేదని సడలించారు. హ్యాండిల్ పట్టుకోగానే శరీర నిర్మాణం మారుతుందన్నమాట. చివరికి 2013లో ఆ ఆజ్ఞ చెల్లదని ఫ్రెంచి ప్రభుత్వమే ప్రకటించింది. ఈ 213 ఏళ్లలో ఆడవాళ్ల కాళ్లలో వచ్చిన మార్పేమిటో జీవశాస్త్రం తెలిసినవాళ్లు కాస్త త్వరగా చెబితే, మా వాదన పూర్తి చేసుకుంటాం.